ఫ్రెడరిక్ రాజుగారి పొడుం డబ్బా

పచ్చి జామకాయ రంగు రాయి. దాన్ని తొలిచి చేసిన ముక్కుపొడుం డబ్బా, అరచేతిని కప్పేసేంత పెద్దది. రాతి మీద బంగారు తీగలు, ఆకులు, పూలు. పూరేకుల నిండా రవ్వలు. వాటిలో కొన్ని లేత గులాబి, కొన్ని పసుపు, కొన్ని పచ్చ. నిజానికి అన్నీ వజ్రాలే. ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ కోసం 1765 ప్రాంతంలో బెర్లిన్‌లో తయారైన ఈ డబ్బా ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో, గిల్బర్ట్ దంపతుల సేకరణలో ఉంది.

వజ్రానికి ఆ రంగు ఎలా వచ్చిందంటే, అడుగున పలచటి లోహపు రేకు పరిచారు. రేకుకు రంగు పూత వేశారు. పైనుంచి పడిన వెలుతురు రవ్వలోంచి దిగి, రేకును తాకి, ఆ రంగుతో తిరిగి పైకి వస్తుంది. రాయి కింద రేకు పెట్టడం మన కుందనపు పనివాళ్లకు కొత్తేమీ కాదు. ఇక్కడ మెచ్చుకోవలసింది ఆ పనివాడి తెగువ. రాజుగారి డబ్బా అంటే వజ్రాలు వజ్రాల్లాగే ధగధగలాడాలని ఎవరైనా కోరుకుంటారు. ఇతను మాత్రం అంత ఖరీదైన రాళ్లను చిత్రకారుడు రంగులు వాడినట్టు వాడుకున్నాడు. పచ్చటి రాతి మీద తెల్లటి మెరుపే పరిచి ఉంటే కళ్లు చెదిరేవి, పూలు కనిపించేవి కావు. ఇప్పుడు ముందు పువ్వు కనిపిస్తుంది, అది వజ్రమన్న సంగతి ఆ తర్వాత తెలుస్తుంది.

ఇందులో ప్రమాదం కూడా ఉంది. రేకు ఉండాలంటే రాయి వెనక గూడు మూసి ఉండాలి. గూట్లోకి కాస్త చెమ్మ దూరినా రేకు మసకబారిపోతుంది, రవ్వ మురికి పట్టినట్టు కనిపిస్తుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ గులాబి గులాబిగానే ఉందంటే, గూటి అంచును రవ్వ చుట్టూ ఎంత ఒద్దికగా నొక్కి ఉంటారో ఆలోచించండి.

ఇక ఆ పచ్చరాయి. దాని పేరు క్రిసోప్రేజ్. చాల్సెడొనీ జాతిది, అందులో కలిసిన నికెల్ వల్ల ఆ రంగు. సైలీషియా ప్రాంతపు గనుల్లో దొరికేది. ఫ్రెడరిక్ 1740లో గద్దెనెక్కాడు, ఆ ఏడాది డిసెంబరులోనే సైలీషియా మీదకు సైన్యాన్ని నడిపించి ఆక్రమించుకున్నాడు. అంటే ఇది తాను గెలుచుకున్న నేలలోని రాయి. తన సేనాపతులకూ పరదేశపు రాయబారులకూ ఆయన పొడుం డబ్బాలు బహుమతిగా ఇచ్చేవాడు. వాటిలో ఈ రాతితో చేసినది చేతికి అందితే, ఇచ్చినవాడు ఏం చెప్పదలచుకున్నాడో నోరు విప్పి చెప్పనక్కర్లేదు.

ఆ రాయి పనివాడికి సులువుగా లొంగేది కాదు. స్ఫటికానికి దగ్గరి గట్టిదనం. ఉలితో చెక్కితే కుదరదు, తిరిగే చక్రం మీద రాపిడి పొడి వేసి కొద్దికొద్దిగా అరగదీయాలి. గోడలు పలచబడే కొద్దీ రంగు లోపలినుంచి వెలుగుతుంది, పగిలే భయమూ పెరుగుతుంది. పైగా వేడి తగిలితే ఈ రాతి రంగు వెలిసిపోతుంది. అందుకే బంగారాన్ని నిప్పుతో అతకవలసిన పనంతా విడిగా, ముందే ముగించుకోవాలి. ఆ తర్వాత చల్లటి బంగారాన్ని చల్లటి రాతికి వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చాలి. పొరపాటు జరిగితే కరిగించి సరిచేసుకునే వీలు లేదు.

ఫ్రెడరిక్‌కు ఈ డబ్బాల పిచ్చి ఉండేది. ఫ్రాన్సు నుంచి అలాంటివి దిగుమతి కాకుండా ఆపించి, తన ఊరి కంసాలులకే పని కల్పించాడు. నమూనాల విషయంలో స్వయంగా జోక్యం చేసుకునేవాడు. లండన్‌లో పుట్టి, పారిస్‌లో పనిచేసి, 1753లో బెర్లిన్ చేరిన జాన్ గియోమ్ జార్జ్ క్రూగర్ ఆయన కోసం గీసిన నమూనాలు కొన్ని నేటికీ ఉన్నాయి. స్వర్ణకారుల్లో డానియెల్ బొడెసన్ పేరు తరచుగా వినిపిస్తుంది. 1759లో కూనెర్స్‌డోర్ఫ్ యుద్ధంలో జేబులోని పొడుం డబ్బాకు తూటా తగిలి రాజు ప్రాణం దక్కిందని కూడా చెప్పుకుంటారు.

నా కళ్లు ఎక్కువసేపు నిలిచేది మాత్రం మడతబందు మీద. ఆ కాలపు మేలైన బంగారు డబ్బాలన్నిటికీ అసలు పరీక్ష అక్కడే. సన్నటి గొట్టాల ముక్కలు కొన్ని మూతకు, కొన్ని డబ్బాకు అతికి, ఒకదాని మధ్య ఒకటి ఇమిడేలా కలిపి, లోపలినుంచి కడ్డీ దూర్చి, పైన అంచుతో సమంగా అరగదీస్తారు. మూత వేస్తే బందు ఉన్న జాడ సన్నటి గీతకు మించి తెలియకూడదు. పొడుంలో తేమ ఆరిపోకూడదు, రాలి బట్టలు పాడుచేయకూడదు, కాబట్టి మూత గట్టిగా బిగుసుకోవాలి. అయినా బొటనవేలితో కాస్త ఎత్తగానే తెరుచుకోవాలి. ఈ రెంటినీ కలపడం రవ్వలు పొదగడం కంటే కష్టమని నా నమ్మకం.

అయితే బహుమతి అందుకున్నవాళ్లలో చాలామంది చూసుకున్నది రవ్వల ఖరీదే. ఐరోపా రాయబారులు తమకు దక్కిన డబ్బాలను నగల వర్తకులకు అమ్ముకోవడం అప్పట్లో మామూలు. రష్యాలోనైతే రాజదర్బారే డబ్బిచ్చి వెనక్కి తీసుకునేది, అదే డబ్బా మళ్లీ ఇంకొకరికి బహుమతి అయ్యేది. అలా చేతులు మారినవి నయం. రవ్వలు ఊడదీసి, బంగారం కరిగించినవాటి సంగతి ఏమని చెప్పాలి! రవ్వలు ఇంకో నగలోకి వెళ్లాయి, బంగారం కడ్డీ అయింది, మడతబందు చేసిన చేతుల పని మాత్రం ఎక్కడా మిగల్లేదు.

ఆర్థర్, రోజలిండ్ గిల్బర్ట్‌లు లండన్‌లో పుట్టి కాలిఫోర్నియాలో సంపాదించినవాళ్లు. వాళ్లు కూడబెట్టిన ఈ సంపద 1996లో బ్రిటన్‌కు దక్కింది. మ్యూజియంలోకి ప్రవేశం ఉచితం. లండన్‌లో ఉన్న తెలుగువాళ్లు వీలు చూసుకుని వెళ్లండి. మూత మీది పూలు ఎలాగూ కనిపిస్తాయి. అద్దానికి పక్కగా వంగి, ఆ బందు గీత ఎక్కడుందో వెతకండి.