బయానాకు ముందే అడగాలి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పెళ్లి విందు అంటే ఇప్పుడు బంతి భోజనం ఒక్కటే కాదు. మండపం పక్కన బొగ్గుల పొయ్యి పెట్టి, ఊచలకు గుచ్చిన కోడి ముక్కల్ని అతిథుల కళ్లముందే కాల్చి వడ్డించే కౌంటర్లు వచ్చాయి. అరకు కొండల మీది బొంగులో చికెన్ మైదానానికి దిగింది. ఇలాంటి విందు కుదుర్చుకునేటప్పుడు మనం అడిగేవి సాధారణంగా రెండే: ప్లేటు ఎంత, ఎన్ని రకాలు పెడతారు? వండేవాళ్లకు లైసెన్సు ఉందా, మాంసం ఎక్కడ కొంటారు, వండేదాకా దాన్ని ఎలా ఉంచుతారు అన్న మాటే రాదు. బయానా చేతిలో పెట్టే ముందు ఆ ప్రశ్నలు అడిగి తీరాలన్నది నా వాదన. విందుకు పిలిచినవాళ్ల బాధ్యత శుభలేఖతో తీరిపోదు. విచారణ కాగితంతో మొదలవ్వాలి, పొయ్యి దాకా వెళ్లాలి.

ముందు కాగితం సంగతి. 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ప్రకారం ఆహార వ్యాపారం చేసే ప్రతివాళ్లూ లైసెన్సు గానీ రిజిస్ట్రేషన్ గానీ తీసుకోవాలి. 2011లో వచ్చిన నిబంధనలు చిన్న వ్యాపారులు ఎవరో చెబుతూ, శుభకార్యాల్లో ఆహారం పంచేవాళ్లను ఆ కోవలో చేర్చాయి గానీ క్యాటరర్‌ను మాత్రం ప్రత్యేకంగా పక్కన పెట్టాయి. వందలమందికి వండిపెట్టే పనిని చట్టం తేలిగ్గా తీసుకోలేదని అర్థం. ఆ అనుమతికి 14 అంకెల నంబరు ఉంటుంది. మొదటి అంకె 1 అయితే లైసెన్సు, 2 అయితే రిజిస్ట్రేషన్. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి ఫాస్కాస్ పోర్టల్‌లో ఆ నంబరు కొట్టి చూస్తే అది ఎవరి పేరున ఉంది, ఏ చిరునామాకు, ఏ వ్యాపారానికి ఇచ్చారు, ఇంకా చెల్లుతుందా అన్నది తెలుస్తుంది. బజ్జీల కొట్టుకో కిరాణా దుకాణానికో తీసుకున్న కాగితం చూపించి క్యాటరింగ్ ఒప్పుకుంటే అక్కడే ఆగాలి. 2022 జనవరి 1 నుంచి బిల్లుల మీద ఈ నంబరు వేయడం తప్పనిసరి. అందుకే బిల్లు అడిగి తీసుకోవాలి. తెల్లకాగితం మీద రాసిచ్చిన లెక్క రేపు ఎందుకూ అక్కరకు రాదు.

ఇక పొయ్యి. కాల్చిన వంటకు ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. మసాలా పట్టించిన కోడిని పొద్దున్నే డబ్బాల్లో సర్ది, మధ్యాహ్నం ఆటోలో తెచ్చి, సాయంత్రం ఊచలకు గుచ్చుతారు. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య సూక్ష్మజీవులు చురుగ్గా పెరుగుతాయి. మన తీరంలో ఎండాకాలపు ఉక్కపోతలో ఐసు లేని డబ్బా ఆ వేడిలోనే గంటల తరబడి ఉంటుంది. స్టెఫైలోకాకస్ లాంటి కొన్ని సూక్ష్మజీవులు వదిలిన విషం తర్వాత ఎంత కాల్చినా పోదు. నిప్పు మీద పెట్టాక ఇంకో చిక్కు. తొడ ముక్క పైన నల్లగా మాడి కమ్మటి వాసన వస్తుంది, లోపల ఎముక దగ్గర మాత్రం పచ్చిగానే ఉండిపోవచ్చు. రంగు చూసి ఉడికిందో లేదో చెప్పలేం. ముక్క మధ్యలో వేడి 75 డిగ్రీలకు చేరిందా అన్నది సూది థర్మామీటరు గుచ్చి చూస్తేనే తెలుస్తుంది. పచ్చి ముక్కల్ని పట్టిన పట్టకారుతోనే కాలిన ముక్కల్ని తీసి ప్లేటులో వేస్తే, పోయిన సూక్ష్మజీవులు మళ్లీ వచ్చి చేరతాయి. కాబట్టి అడగాల్సింది ఇది: ఐసు పెట్టెలున్నాయా, థర్మామీటరు ఉందా, పచ్చిదానికీ కాలినదానికీ వేరు పట్టకార్లు, వేరు పళ్లేలు ఉన్నాయా?

నీళ్లనూ ఐసునూ వదిలెయ్యకూడదు. 2025 అక్టోబరులో మన్యం జిల్లా కురుపాంలోని గిరిజన బాలికల గురుకులంలో కామెర్లు వ్యాపించి పదులమంది ఆసుపత్రి పాలయ్యారు. అక్కడ వండింది క్యాటరర్ కాదు. అయినా పదిమంది ఒకేచోట తిని తాగే ప్రతి సందర్భానికీ అది హెచ్చరికే, ఎందుకంటే హెపటైటిస్-ఎ లాంటి కామెర్లు కలుషితమైన నీటితోనూ తిండితోనూ వ్యాపిస్తాయి. తీరం వెంబడి చేపల కోసం ఐసు ఫ్యాక్టరీలున్నాయి. తినడానికి పనికిరాని ఐసుకు నీలం రంగు కలపాలని 2018లో నిబంధన వచ్చింది. రంగు కలపని ఐసంతా మంచిదనుకోకుండా, గ్లాసుల్లో వేసేది ఎక్కణ్ణుంచి వచ్చిందో అడగాలి. వండేవాళ్లకు ఏటా వైద్య పరీక్ష జరగాలన్నదీ నిబంధనల్లోనే ఉంది, ఆ ధ్రువపత్రమూ చూపించమనవచ్చు.

ముప్ఫయ్యేళ్లుగా మన ఊరి శుభకార్యాలన్నీ చేసిన వంటమేస్త్రిని ఇలా నిలదీయడం అవమానం కాదా అంటారు. ఆ నమ్మకానికి నేనూ విలువిస్తాను. కానీ అది ఎలా నిలబడిందో చూడాలి. ఆయన మన దొడ్లోనే, మన నూతి నీళ్లతో, మనం తెచ్చిన సరుకుతో వండేవాడు. ఇంటి పెద్దమ్మ బియ్యం చేటలో పోసి చూసేది, గిన్నెలు తోమారో లేదో కనిపెట్టేది. దించిన గంటకే వడ్డన. అంటే తనిఖీ ఆ పద్ధతిలోనే ఇమిడి ఉంది. ఇప్పుడు వంట ఎక్కడో జరుగుతుంది, ఒప్పుకున్నది ఒకరు, వండేది ఇంకొకరు, మధ్యలో గంటల ప్రయాణం. పెద్దమ్మ కళ్లు చేసిన పని ఇప్పుడు ప్రశ్నలు చేయాలి. అనుభవమున్న మేస్త్రికి వీటికి జవాబులు నోటిమీదే ఉంటాయి. తడబడేది తెలియనివాళ్లే.

కాగితం వంట చేస్తుందా, డబ్బు కడితే ఎవరికైనా వస్తుంది కదా అన్నది మరో అభ్యంతరం. నిజమే, లైసెన్సు ఉన్నంతమాత్రాన వంట శుభ్రమని కాదు. అది జవాబుదారీకి ఆధారం. హానికరమైన ఆహారం తిని మనిషి చనిపోతే కనీసం 5 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని చట్టంలోని 65వ సెక్షన్ చెబుతోంది. కొన్నవాళ్లు నమూనాను ఫుడ్ ఎనలిస్టుకు పంపి పరీక్ష చేయించుకునే వీలు 40వ సెక్షన్ ఇచ్చింది. అమ్మినది ఎవరో, ఎక్కడుంటారో తేలకపోతే ఈ హక్కులు ఆచరణలో నిలవవు. చిన్న మేస్త్రీల పొట్ట కొట్టినట్టవుతుందన్న బాధా ఉంది. వాళ్లను వదిలెయ్యమనడం లేదు. లైసెన్సు తీసుకోమని ముందుగా చెప్పి, 2017లో మొదలైన, ఆహార భద్రత నేర్పే ఫాస్టాక్ శిక్షణకు వెళ్లమని ప్రోత్సహించి, ఐసు పెట్టెలకయ్యే నాలుగు డబ్బులు ప్లేటు ధరలో కలిపి ఇద్దాం. ధర తగ్గించమని గీచి గీచి బేరమాడితే, ఆ తగ్గింపు ఐసులోంచో నూనెలోంచో వస్తుంది.

వైశాఖ ముహూర్తాలకైనా, కార్తీక వనభోజనాలకైనా తేదీ చాలా ముందే తెలుస్తుంది. ఆ వ్యవధిలో ఒకపూట కేటాయించి నంబరు చూసుకోవాలి, వంట జరిగే చోటికి వెళ్లి రావాలి, ఎవరు వండుతారో, ఏ వేళకు మాంసం కొంటారో ఒప్పందంలో రాయించుకోవాలి. ఒక ఇల్లు అడిగితే మేస్త్రికి చిరాకు కలగవచ్చు. ఊరంతా అడిగితే అది పద్ధతవుతుంది, శుభ్రంగా వండేవాళ్లకే ముందు బయానా అందుతుంది.