కొక్కెం సూది

పిన్ని పుట్టిల్లు నరసాపురం. లేసు అల్లిక చిన్నప్పుడే పట్టుబడింది. మొన్న ఫోన్లో ఉచితంగా దొరికిన నమూనా చూసి మనవరాలికి నూలు టాప్ అల్లింది. ఎడమ చూపుడువేలికి చుట్టిన దారం బిగువులోనే ఉంది కిటుకంతా: మరీ బిగిస్తే గుడ్డ అట్టకడుతుంది, వదిలేస్తే సాగిపోతుంది. అందుకే ముందు 4 అంగుళాల ముక్క అల్లి, కుట్లు లెక్కపెట్టి, నమూనాలోని లెక్కతో సరిచూసుకుంది. ఆపైన ముందొక పలక, వెనకొక పలక. భుజాలు కలిపి, చేతులకు సందు వదిలి పక్కలు కుట్టేస్తే టాపే. చంక దగ్గర ఒక్క చైన్ తప్పిందని మూడు వరుసలు సర్రున లాగేసింది. నా ప్రాణం ఉసూరుమంది. ఆవిడ మాత్రం, "దారం ఎక్కడికి పోయిందే? మళ్లీ అల్లితే సరి" అంది. ఈ ఎండల్లో ఆ కన్నాల్లోంచి గాలాడుతుంటే పిల్ల దాన్ని ఉతకడానికి కూడా విప్పనంటోంది.