నల్లబల్ల మీది కణపటము

జీవశాస్త్రము బోధించువారికి నల్లబల్లపై కణపటమును గీయుట నిత్యకృత్యము. విస్సన్నపేటలో ఏటేటా నేనును గీయుచున్నాను. కేంద్రకమును చుట్టి గరుకు జాలమును, దానిమీద రైబోసోముల చుక్కలను పెట్టి, మిగిలిన మూల రెండు వంకర గొట్టములు గీసి, నునుపు అంతర్జీవద్రవ్యజాలమని వ్రాయుటతో ఆ పని ముగియును. అటువంటి సర్వసామాన్య కణము మన దేహమున ఎచ్చటను లేదు. 1945లో కీత్ పోర్టర్ ప్రభృతులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో మొదట కనుగొనిన అంతర్జీవద్రవ్యజాలము, తానున్న కణముయొక్క వృత్తిని బట్టి రూపమును, పనిని మార్చుకొనును. దాని నునుపు భాగము వృషణములందలి లేడిగ్ కణములలో మైటోకాండ్రియాలతో కలిసి కొలెస్టరాల్ నుండి హార్మోనును సిద్ధపరచును. పేగుగోడలో, జీర్ణమై విడివడిన నేతి అంశములను మరల కొవ్వుగా కూర్చును. కండరమునందు కాల్షియమును దాచియుంచి, నాడి ప్రేరేపింపగానే విడిచి, సంకోచానంతరము మరల లోనికి తోడుకొనును. ఆ తోడుటకు వ్యయమగు ఏటీపీ అను శక్తిద్రవ్యమును, 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో ఫిస్కేతో కలిసి కండరమునుండియే వేరుపరచిరని చెప్పినపుడు నా విద్యార్థుల ముఖములు వికసించును.

కాలేయమును గూర్చి మాత్రము విషహరణమను ఒక్క మాటతో సరిపుచ్చుట నాకు సమ్మతము కాదు. మాది మామిడితోటల సీమ. పూత మీద తేనెమంచు పురుగునకు మందు కొట్టని తోట అరుదు. మలాథియాన్ వంటి మందు దేహమును చేరినచో, కాలేయకణపు నునుపు జాలములోని ఎంజైములు దాని అణువునందలి ఒక గంధకపు పరమాణువును తొలగించి, ఆ చోట ఆక్సిజనును నిలిపి, నరములకు మునుపటికంటె మిక్కిలి హానికరమగు మలాఆక్సానుగా మార్చును! ఆ జాలమునందే కార్బాక్సిల్ ఎస్టరేజులను వేరు ఎంజైములు మలాథియానును ఛేదించి నిర్వీర్యము చేయును. పురుగునందు ఈ రెండవ శక్తి కొరవడుటచే అది చచ్చును. మనుష్యునియందు బలముగా నుండుటచే స్వల్పమోతాదు గడచిపోవును, మోతాదు మించినచో ఆ రక్షణ చాలదు.

అందుచే నేనిప్పుడు పాఠమును కాలేయముతోనే ఆరంభించుచున్నాను. తోటపనివారి పిల్లలు వెంటనే అడుగుదురు: "మాస్టారూ, మా నాన్న మూతికి తువ్వాలు కట్టుకునే కొడతాడు, అది చాలదా?" చాలదు. మందు చర్మముగుండ కూడ లోనికి దిగును; చేతులకు తొడుగులు, నిండు చొక్కా వలయును, పని కాగానే సబ్బుతో స్నానము చేసి, ఆ బట్టలను వేరుగా ఉతుకవలయును.