మాంసపు అంగడిలో ధర్మం: ఆహారనీతిపై కొన్ని తెలుగు రచనల పరిశీలన

తెలుగునేలకు వెలుపల తెలుగు చదివే విద్యార్థికి భాష రెండు దారుల్లో అందుతుంది. తరగతిలో చదివే కావ్యం ఒక దారి. ఇంట్లో, వసతి గృహంలో, వీధిలో వినబడే వాడుక మరొక దారి. చాలా విషయాల్లో ఈ రెండు దారులూ ఎక్కడో ఒకచోట కలుస్తాయి. మాంసాహారం విషయంలో మాత్రం అవి కలవడం అరుదు. మారతహళ్ళినే ఉదాహరణగా తీసుకొందాం. బెంగళూరుకు తూర్పున, హెచ్‌.ఎ.ఎల్‌. విమానాశ్రయానికి చేరువలో ఉన్న ఈ పేటలో తెలుగు యువతీ యువకులు పెద్ద సంఖ్యలో నివసిస్తున్నారు. వారి కోసం వెలసిన ఆంధ్రా మెస్సుల బోర్డుల మీద కోడి, వేట, చేప వరసగా కనిపిస్తాయి. అదే నగరంలో 'శాకాహారులకు మాత్రమే' అన్న షరతుతో ఇల్లు అద్దెకిచ్చేవారూ ఉన్నారు. ఒక గదిలో ముగ్గురు విద్యార్థులు కలిసి వండుకొంటే, గుడ్డు ఏ గిన్నెలో ఉడకాలన్నది కొన్నిచోట్ల స్నేహాన్నే పరీక్షించే ప్రశ్న. ఈ ప్రశ్నకు మన సాహిత్యం దగ్గర సమాధానం ఉందా? ఉంటే అది నమ్మదగినదేనా? మూడు కావ్యకథలను, ఒక ఆధునిక కవితను ఈ దృష్టితో ఇక్కడ పరిశీలిస్తున్నాము.

ముందుగా మాటల సంగతి చూద్దాం. 2014 నాటి నమూనా నమోదు పద్ధతి సర్వే ప్రకారం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో 15 ఏళ్ళు పైబడినవారిలో 98 శాతానికి మించి మాంసాహారులే. అయినా మన సభాభాషలో మాంసం పేరు తిన్నగా పలకడానికి ఒక జంకు ఉంది. 'నీచు' అన్న మాట కొన్ని ప్రాంతాల్లో చేపకూ మాంసానికీ సామాన్యనామం. దీనికీ 'నీచం' అన్న సంస్కృతపదానికీ మూలం ఒకటి కానక్కరలేదు. కాని విన్నవారి చెవిలో ఆ రెండూ ఒకదాన్నొకటి తాకుతూనే ఉంటాయి. తెలంగాణలో ఒట్టి 'కూర' అంటేనే మాంసమన్న వాడుక ఉంది. తమిళంలో 'కరి' అన్న మాటకూ ఈ అర్థవ్యాప్తి కలిగింది. 'పెద్దకూర' అన్నప్పుడు జంతువు పేరు పూర్తిగా మాటు పడిపోతుంది. 'నాన్‌వెజ్‌' ఇంకొక అడుగు ముందుకు వేసింది. నూటికి తొంభై ఎనిమిది మంది తినే తిండికి 'కానిది' అన్న వ్యతిరేకార్థంతో పేరు పెట్టింది.

క్రియాపదాలు ఇంకా ఆసక్తికరమైనవి. పామును చంపుతాం, శత్రువును చంపుతాం. కోడిని మాత్రం 'కోస్తాం'. వంకాయను కోసినా, మల్లెపూలు కోసినా, వరి కోసినా అదే క్రియ. పొట్టేలును 'కొడతారు'. ఊరి జాతరలో దానికే 'వేట' అన్న పేరు వస్తుంది. తెలంగాణలో అది 'యాట' అవుతుంది. తినే ప్రాణి విషయంలో 'చంపు' అన్న క్రియను మన వాడుక సాధారణంగా దూరంగా ఉంచుతుంది. దీన్ని మోసమని అనలేము. పంట కోతకూ కోడి కోతకూ ఒకే మాట వాడిన రైతు, రెండూ తన చేతి పనే అన్న ఎరుకతో వాడాడు. నగరంలో మాట మిగిలింది, చేయి తప్పుకొంది. 'మూగజీవాలు' అన్న సమాసాన్ని కూడా ఇక్కడే గమనించాలి. జాలితో అనే మాటే అయినా, అది జంతువు నోరు మూసిన తరవాత పుట్టిన జాలి. మన పాత కథల్లో జంతువులు మూగవి కావు, వాదించేవి.

ఈ ఎరుకతో భారతం దగ్గరకు వెళదాం. ధర్మవ్యాధుని ఉపాఖ్యానం అరణ్యపర్వంలో ఎర్రన పూరించిన భాగంలోనిది. కథ చాలామందికి తెలిసిందే. కౌశికుడనే బ్రాహ్మణుడు చెట్టుకింద ఉండగా ఒక కొంగ అతని మీద రెట్ట వేస్తుంది. అతడు కోపంతో చూస్తాడు, కొంగ చచ్చిపడుతుంది. తరవాత భిక్షకు వెళ్ళిన ఇంట ఒక గృహిణి ఆలస్యం చేస్తే ఆమె మీదా కోపగిస్తాడు. నేను కొంగను కానని ఆమె గుర్తుచేసి, ధర్మం తెలుసుకోవాలంటే మిథిలలోని వ్యాధుని దగ్గరకు వెళ్ళమంటుంది. కౌశికుడు వెళ్ళి చూస్తే అతడు మాంసం అమ్ముతూ ఉంటాడు. ధర్మజిజ్ఞాస కొనుగోలుదారుల మధ్య, అంగడి ముందు నిలబడవలసి వస్తుంది.

ఈ కథను మామూలుగా కులవృత్తి ధర్మానికీ తల్లిదండ్రుల సేవకూ ఉదాహరణగా బోధిస్తారు. అయితే కథ నిర్మాణాన్ని బట్టి చూస్తే ఇందులో మన కళ్ళెదుట ప్రాణం తీసినవాడు మాంసం అమ్మేవాడు కాదు, తపస్వి. అతడు ఆకలికోసం చంపలేదు, అహంకారంతో చంపాడు. వ్యాధుడు చెప్పేది మూడు మాటల్లో సంగ్రహించవచ్చు: తాను స్వయంగా చంపడు, ఇతరులు చంపినదాన్ని అమ్ముతాడు, తాను మాంసం తినడు, అయినా తన వృత్తి ఘోరమైనదేనని ఒప్పుకొంటాడు. ఆ పైన అందరినీ ఇరుకున పెట్టే వాదం ఒకటి చేస్తాడు. నాగలి నేలను చీల్చినప్పుడు అందులోని ప్రాణులు ఎన్ని చస్తాయి? నడిచేవాడి పాదం కింద ఎన్ని నలుగుతాయి? బొత్తిగా హింస లేనివాడు లోకంలో ఎవడు?

ఈ వాదం బలమైనదే, కాని దీన్ని రెండు విధాలుగా వాడుకోవచ్చు. అందరూ హింసకులే కనుక ఎవరినీ అడగరాదన్నది ఒక వాడకం. అది బద్ధకస్తుడి తర్కం. అందరమూ హింసలో భాగస్వాములమే కనుక ఒకరిని వేలెత్తి చూపే అధికారం ఎవరికీ లేదు, తగ్గించుకొనే బాధ్యత మాత్రం అందరికీ ఉందన్నది రెండో వాడకం. వ్యాధుడు తాను మాంసం ముట్టకుండా జీవిస్తున్నాడు గనక అతడు రెండో పక్షాన ఉన్నాడని మా అభిప్రాయం. కథకు ఒక పరిమితి కూడా ఉంది. అతడి వృత్తిని పూర్వజన్మ శాపఫలంగా చూపడంతో, అంగడిలో మొదలైన ప్రశ్న పుట్టుకకు సంబంధించిన సమాధానంతో ముగుస్తుంది. విమర్శకుడు ఈ లోపాన్ని దాచనక్కరలేదు.

రెండోది ఆవు, పులి కథ. కర్ణాటకలో చదువుకొన్న మన విద్యార్థులకు ఇది 'గోవిన హాడు'గా, పుణ్యకోటి కథగా పరిచయం. తెలుగులో దీన్ని 15వ శతాబ్దికి చెందిన అనంతామాత్యుడు భోజరాజీయంలో గోవ్యాఘ్ర సంవాదంగా తీర్చాడు. పులి నోటికి చిక్కిన ఆవు, దూడకు పాలిచ్చి వస్తానని మాటిచ్చి వెళ్ళి తిరిగి వస్తుంది. పులి దాన్ని తినలేకపోతుంది. కన్నడ గీతంలో ఆ పులి చివరికి ప్రాణం విడుస్తుంది.

ఈ కథ గోవు పవిత్రతను బోధిస్తుందన్నది నేటి వాడుక. 2022లో కర్ణాటక ప్రభుత్వం గోశాలల్లోని పశువులను దత్తత తీసుకొనే పథకానికి పుణ్యకోటి పేరే పెట్టింది. అంతకు ముందు, 2021లో అమలులోకి వచ్చిన గోవధ నిషేధ చట్టం 13 ఏళ్ళు దాటిన గేదెలకు మాత్రమే మినహాయింపు ఇచ్చింది. కాని కథను కథగా చదివితే అందులో ప్రధానగుణం సత్యం, ఆడిన మాట తప్పకపోవడం. అంతకంటె ముఖ్యంగా, అది తినేవాడి అంతరంగం మారిన కథ. ఆవును ఎవరో వచ్చి కాపాడలేదు. పులిని ఎవరూ శిక్షించలేదు. తినబోయేదాని మాట విన్నందువల్ల తినేది మారింది. ఇక్కడ ఒక నిష్ఠురసత్యం కూడా ఉంది. పులికి వేరే ఆహారం లేదు. దాని కరుణకు ధర దాని ప్రాణమే. మనిషికి అటువంటి కట్టుబాటు లేదు, అతనికి ఎంపిక ఉంది. కనుక పులి కన్నీరు పెట్టిన కథను మనిషి తేలికగా తీసుకోవడానికి వీల్లేదు. అలాగని ఆ ఎంపిక అందరికీ సమానంగా ఉన్నదని అనుకోవడమూ పొరపాటే.

మూడోది తిన్నని కథ. పాల్కురికి సోమన బసవపురాణంలో ఉడుమూరి కన్నప్పగా కనిపించే ఈ బోయభక్తుణ్ణి ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో విస్తరించాడు. తిన్నడు వేటాడిన మాంసాన్ని కాల్చి, రుచి చూసి, మంచి ముక్కలు ఏరి శివలింగానికి పెడతాడు. అర్చకుడికి అది అపచారం, దేవుడికి అది ప్రీతి. శుచి, అశుచి అన్న విభాగాన్ని ఇంత నిర్భయంగా కూలదోసిన కథలు మన సాహిత్యంలో తక్కువ. ఎదుటివాడి కంచాన్ని చూసి ముక్కు మూసుకొనే ప్రతివారికీ ఇది చాలినంత సమాధానం.

అయితే ఇందులోనూ ఒక ప్రాణి గురించి ఎవరూ మాట్లాడరు. వేటలో పడిన పందికి ఈ కథలో గొంతు లేదు. కాని కథ చివరను గమనించండి. లింగం కంట నెత్తురు కారినప్పుడు తిన్నడు మరొక జంతువును తేడు, తన కన్ను పెకలించి పెడతాడు. ఇతరుల మాంసంతో మొదలైన అర్చన తన మాంసంతో ముగుస్తుంది. శిబి చక్రవర్తి పావురానికి బదులు తన తొడ కోసి డేగకు ఇచ్చిన కథలోనూ, ఆవు తనను తాను అప్పగించుకొన్న కథలోనూ ఇదే కదలిక. మన కథకులకు ఈ చిక్కుముడి విడదీయడానికి దొరికిన దారి ఒక్కటే: ధర ఎవరు చెల్లించాలన్న ప్రశ్న వచ్చినప్పుడు నాయకుడు తన శరీరం వైపు చూసుకొంటాడు. అది ఉదాత్తమైన పరిష్కారమే. రోజూ మూడు పూటలా తినవలసిన సంసారికి మాత్రం అది ఉపయోగపడదు. సంసారి దగ్గరకు వచ్చినవాడు అంగడిలోని వ్యాధుడు ఒక్కడే.

కావ్యాలు అడగని ప్రశ్నను దళిత కవిత్వం అడిగింది. దిగుమర్తి సురేష్‌కుమార్ 'గొడ్డుమాంసం' కవిత వాదం సూటిగా ఉంటుంది. పాలకూ, తోలుకూ, డప్పుకూ పశువును వాడుకొన్న సమాజానికి అప్పుడెప్పుడూ కలగని నొప్పి, పేదవాడు ఆ పశువుతో ఆకలి తీర్చుకొన్నప్పుడే ఎందుకు కలిగింది? 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు జరిపిన పెద్దకూర పండుగ ఘర్షణలకు దారితీసినప్పుడు తెలుగు సమాజమంతా ఈ ప్రశ్న ముందు నిలబడవలసి వచ్చింది. 2024 డిసెంబరులో మండ్యలో జరిగిన కన్నడ సాహిత్య సమ్మేళనంలోనూ దీని ప్రతిధ్వని వినిపించింది. నిషేధించిన వస్తువుల జాబితాలో మద్యం, పొగాకులతోపాటు మాంసాహారాన్ని చేర్చడం వివాదమైంది. 'బాడూట' కూడా ఊరి సంస్కృతేనని వాదించినవారు ఒక విధంగా పదార్థశాస్త్రం మాట్లాడారు. ఏ మాట పక్కన ఏ మాటను కూర్చోబెడతామన్నది అర్థాన్ని నిర్ణయిస్తుంది. అన్నాన్ని సారా పక్కన కూర్చోబెట్టిన జాబితా, తినేవాణ్ణి కూడా తప్పతాగినవాడి పక్కన కూర్చోబెడుతుంది.

సురేష్‌కుమార్ కవితను మేము పూర్తిగా సమర్థిస్తున్నాము. అయితే దాని తర్కం ఆ కవిత ఆగినచోట ఆగదని కూడా చెప్పవలసి ఉంది. పాలు పిండినప్పుడు పశువుకు నొప్పి ఉందన్నది నిజమైతే, ఆ ప్రశ్న శాకాహారి పెరుగన్నం దాకా వస్తుంది. పాలు ఆగిన గేదె ఎక్కడికి పోతుంది, మగదూడ ఏమవుతుంది అన్నవాటికి జవాబు చెప్పకుండా ఎవరి కంచమూ నిర్దోషం కాదు. 2022-23లో దేశంలో ఉత్పత్తి అయిన గుడ్లలో సుమారు ఐదో వంతు ఆంధ్రప్రదేశ్‌వే. తీగ గూళ్ళలో రెక్క విప్పడానికి చోటులేని కోళ్ళు పెట్టిన గుడ్లు వీటిలో ఎన్నో. పెరటి కోడిని కోసిన చేతికి దాని బరువు తెలుసు. గూటి కోడిని తినే మనకు దాని బతుకే తెలియదు. ధర్మవ్యాధుడు ఎరిగిన హింసలో ఇది లేదు.

కనుక ఆహారనీతిలో రెండు ప్రశ్నలు విడివిడిగా ఉన్నాయి. తోటిమనిషి కంచం పట్ల మర్యాద ఒకటి, కంచంలోని ప్రాణి పట్ల బాధ్యత రెండోది. మొదటిదాన్ని ఎగ్గొట్టి రెండోదాన్ని అడిగేవారిది కరుణ కాదు, కౌశికుడి కోపం. మొదటిదాన్ని గెలిచాం గనక రెండోది లేదనుకోవడమూ సరికాదు. తిన్నని కథ మొదటి ప్రశ్నకు జవాబు, పులి కథ రెండోదానికి. ఈ రెంటినీ ఒక్క నోట మోయగలిగినవాడు వ్యాధుడు: తాను తినడు, తినేవారిని తిట్టడు, తన పనిని మంచిపని అనీ అనడు. గది పంచుకొనే విద్యార్థులకు ఇంతకంటె పనికివచ్చే గురువును మా పఠనంలో చూడలేదు.

చివరగా విద్యార్థులకు ఒక పని. మీ ఇంటి పెద్దలను అడిగి, మాంసానికీ, కోతకూ, వంటకూ మీ ఊరివారు వాడే మాటలను ఊరి పేరుతో సహా రాసి తెండి. మన నిఘంటువుల్లో చోటు దొరకని మాటలు వాటిలో తప్పక ఉంటాయి. ఏ మాట జంతువును చూపిస్తోంది, ఏ మాట దాచిపెడుతోంది అన్నది ఎదురుగా గుర్తు పెట్టండి. ఆ పట్టికను ముందు పెట్టుకొని ధర్మవ్యాధుని ఉపాఖ్యానాన్ని మళ్ళీ చదువుదాం.