టార్నేషన్ చిత్రము: పురుషవిచారము

దీపమాఱినదని పలుకుట కిష్టపడక, దీపము కొండెక్కినదని పలుకుట తెలుఁగువారి యాచారము. ఇట్లే నరకపాతార్థకమైన యాంగ్లశాపపదమును సూటిగాఁ బలుక వెఱచిన యమెరికాజనులు దాని రూపమును మార్చి ‘టార్నేషన్’ అని వాడిరి. జొనాథన్ కౌయెట్ అను నమెరికాదేశీయుఁడు 2003వ సంవత్సరమునఁ దన జీవితమునుగూర్చి నిర్మించిన చలనచిత్రమున కీ పేరే పెట్టెను. పేరున సూటిదనమును దప్పించినవాఁడు కథ నెట్లు చెప్పెననునది విచార్యము.

వస్తువు సంగ్రహముగా నిది. స్థలము టెక్సాసు రాష్ట్రమందలి హ్యూస్టన్ నగరము. తల్లి రెనీ లెబ్లాంక్ బాల్యమున నింటికప్పునుండి పడి, పిమ్మట విద్యుదాఘాతచికిత్సకు లోనై, బ్రదుకంతయు వైద్యశాలలచుట్టుఁ దిరిగెను. కుమారుఁడు మాతామహుల యింటఁ బెరుగుచు, పురుషులయందుఁ దనకుఁ గల యనురాగమును జిన్ననాఁడే యెఱిఁగెను. పదునొకండవ యేటినుండి తన్నుఁ దాను జిత్రించుకొనెను. ఇట్లు పోగైన చిత్రఖండములను, ఛాయాపటములను, టెలిఫోనులో నిలిచిన సందేశములను ఐమూవీ యను కంప్యూటరు సాధనమున నొక్కటిగాఁ గూర్చెను. వ్యయము 218 డాలర్ల 32 సెంట్లని ప్రసిద్ధి. సంగీతహక్కుల వ్యయ మిందుఁ జేరదు. 2004లో సన్‌డాన్స్, కాన్ ఉత్సవములందు నిది ప్రదర్శితమైనది.

తెరపైఁ గథ నడపు వాక్యములలో నిర్మాత తన్ను ‘నేను’ అనఁడు, ‘జొనాథన్’ అనును. అస్మద్యుష్మదర్థములు పోఁగా మిగిలినదానికిఁ బ్రథమపురుషము చెల్లునని పాణినీయము. బాణుఁడును హర్షచరితమునఁ దన వృత్తాంతమును బ్రథమపురుషముననే చెప్పెను. అయితే బాణున కది కథనమర్యాద. కౌయెట్టున కది కథావస్తువే. మత్తుమందు కలిపిన గంజాయి త్రాగిన పిమ్మటఁ దన్నుఁ దాను బయటినుండి చూచుచున్నట్లు తోఁచు వ్యాధి యతనికిఁ గలిగెనని చిత్రమే చెప్పుచున్నది. కావున నిచట వ్యాధిలక్షణమే వాక్యలక్షణమైనది.

పదునొకండేండ్ల బాలుఁడు భర్తచే దెబ్బలు తిన్న యువతి వేషమునఁ గెమెరాయెదుట నేడ్చుచు సాక్ష్యము పలుకు ఘట్ట మొకటి గలదు. అందు ‘నేను’ అను మాట వినఁబడును. కాని యది వేషమునకుఁ జెందిన ‘నేను’. సొంతపేరునఁ బ్రథమపురుషము, పరవేషమున నుత్తమపురుషము! తమ యనురాగమును బయలుపఱుప వెఱచి పెరుగు పిల్లల కీ పురుషవ్యత్యయము సుపరిచితము. అయినను ఆ యనురాగము వ్యాధిగాఁగాని దుఃఖమూలముగాఁగాని చిత్రమునఁ జూపఁబడలేదు. సహచరుఁడు డేవిడ్ ఈ కల్లోలకథ కంతటికి నుపశమస్థానము.

తుదకుఁ గౌయెట్ ఒంటరిగాఁ గెమెరా నెదుర్కొని, తల్లి తన చర్మములోనే యున్నదనియు, ఆమెవలెఁ దా నగుట తన కిష్టము లేదనియుఁ జెప్పుకొనును. అచట వేషము లేని యుత్తమపురుషము వినఁబడును. చిత్రమునకు ఫలసిద్ధి యదియే.

ఒక దోషము మాత్రము చెప్పక తీఱదు. 2002లో లిథియ మను నౌషధ మతిమాత్రమై మనస్సు దెబ్బతిన్న తల్లి, చిన్న గుమ్మడికాయను బట్టుకొని పాడుచు నవ్వుచుండుటను నిర్మాత దీర్ఘముగాఁ జూపెను. జరిగినదే కదా యని సమర్థింపవచ్చును. జరిగినంతమాత్రమున నుచితమగునా? తన బాధను జెప్పుకొను స్వాతంత్ర్యము కుమారునకుఁ గలదు. అట్టి దశలో నున్న తల్లి తన్నుఁ జూపుటకు సమ్మతింపఁగలదా? ఔచిత్యమే కావ్యమునకు జీవితమని క్షేమేంద్రుని మతము. ఈ ఘట్టమునఁ గరుణము సడలి కుతూహలము మిగులును. తాను ‘నేను’ అనఁ దలఁచిన కుమారుఁడు తల్లిని ‘ఆమె’గానే విడిచినాఁడు. చివర నిద్రించు తల్లిప్రక్క నతఁడు పరుండుట యీ లోటు నెఱిఁగి చేసిన ప్రాయశ్చిత్తమువలెఁ దోఁచును. కాని చూపినది చూపినదే.

ఈ దోష మున్నను కృతి త్యాజ్యము గాదు. స్వానుభవమును జిత్రింపఁ బూనువారు దీని గుణమును దోషమును గూడఁ బరిశీలింతురు గాక.