సంకర ఆవు జన్యువుల లెక్క

పెయ్యదూడ పుట్టగానే, అది రేపు ఎన్ని పాలిస్తుందో అంచనా వేయడం సాధ్యమేనా? సాధ్యమేనని 2001లో శాస్త్రవేత్తలు మ్యూవిసెన్, హేస్, గొడ్డార్డ్ గణాంకాలతో చూపించారు. డీఎన్ఏలో లక్షల చోట్ల పశువుకూ పశువుకూ ఒక్క అక్షరం తేడా ఉంటుంది. వీటిని స్నిప్‌లు అంటారు. పాల దిగుబడి తెలిసిన ఆవుల్లో ఒక్కో స్నిప్ ప్రభావం ఎంతో లెక్కగట్టి, ఆ అంకెలను దూడకు వర్తింపజేసి కూడతారు. అమెరికాలో 2009 నుంచి హోల్‌స్టీన్ ఆబోతులను ఇలాగే బేరీజు వేస్తున్నారు.

అక్కడ లెక్క ఒక జాతి లోపలే. మన దేశంలో విదేశీ, సంకర జాతి పశువులు 2019 పశుగణన ప్రకారం సుమారు 5 కోట్లు. చిత్తూరు వైపు పాకలో కట్టేసిన ఆవుకు తల్లి జెర్సీ సంకరం, తండ్రి హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్) కావచ్చు. ఎదకొచ్చిన రోజు, కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర దగ్గర ఏ సూది ఉంటే అదే వేయిస్తారు. నాలుగు ఈతలయ్యేసరికి వంశం ఎవరికీ గుర్తుండదు.

స్నిప్ చాలాసార్లు పాలను పెంచే జన్యువు కాదు, దాని పక్కనుండే గుర్తు మాత్రమే. హోల్‌స్టీన్‌లో ఆ గుర్తు వెంట మంచి జన్యువు రావచ్చు, మన నాటు జాతి సాహివాల్‌లో అదే గుర్తు వెంట ఏమీ రాకపోవచ్చు. అందుకే డీఎన్ఏలో ఏ ముక్క ఏ జాతి నుంచి వచ్చిందో ముందు గుర్తించి, జాతికొక ప్రభావం కట్టే పద్ధతులు పుట్టాయి. నాటు జాతులూ ఐరోపా జాతులూ విడిపోయి లక్ష ఏళ్లు దాటింది కాబట్టి ముక్కలను పోల్చుకోవడం కష్టం కాదు. కానీ పాల లెక్కలున్న ఆవులు కొద్దిగానే ఉంటే, అన్ని జాతులకూ ఒకే ప్రభావం కట్టే మామూలు పద్ధతే మెరుగ్గా నిలబడవచ్చు.

అసలు ప్రమాదం వేరే ఉంది. హెచ్‌ఎఫ్ వాటా పెరిగితే సాధారణంగా పాలు పెరుగుతాయి. కాబట్టి జాతి వాటాను మాత్రమే పసిగట్టిన సమీకరణం కూడా కాగితం మీద గొప్ప కచ్చితత్వం చూపిస్తుంది. హెచ్‌ఎఫ్ వాటా సమానంగా ఉన్న రెండు పెయ్యల్లో ఏది మేలంటే మాత్రం చెప్పలేదు. రైతుకు కావలసింది ఆ జవాబే! అందుకే జాతి వాటానూ, తొలి సంకరంలో వచ్చే అదనపు బలాన్నీ సమీకరణంలో విడిగా పెట్టాలి. మిగిలిన తేడాను ఎంత బాగా చెబుతోందన్నదే నా దృష్టిలో నిజమైన పరీక్ష.

ఇంటికి ఒకటి రెండు ఆవులే కావడం మరో ఇబ్బంది. పాలు ఎక్కువిస్తే అది ఆవు గొప్పా, దాణా గొప్పా? ఇక్కడే ఈ విద్య చిన్న రైతుకు నిజంగా అక్కరకొస్తుంది. వంశ పత్రాలు లేకపోయినా, వేర్వేరు ఊళ్లలోని ఆవుల మధ్య చుట్టరికాన్ని డీఎన్ఏయే పట్టిస్తుంది. ఒకే తండ్రి బిడ్డలు పది ఇళ్లలో పెరుగుతుంటే ఆ ఇళ్ల మేపులో తేడాను కొంతవరకైనా వేరుచేసి చూడవచ్చు.

మన పశువుల కోసం జాతీయ పాడి అభివృద్ధి బోర్డు స్నిప్‌లను చదివే ఇండస్‌చిప్ తయారుచేసింది. 2024లో అలాంటిదే గౌచిప్ విడుదలైంది. ఇక తక్కువపడుతున్నది పాల లెక్కలే. ప్రతి నెలా గడపకు వెళ్లి, రెండు పూటలా పాలు కొలిచి రాసే మనుషులను ఊరూరా నియమించి, వాళ్లకు సరైన జీతం ఇవ్వాలి.