బోర్డు మీద లేని దాల్చా

నిజామాబాద్‌లో హోటళ్ల బోర్డులు చదవడం ఒక రాజకీయ పాఠం. బోధన్ రోడ్డు మీద నడిచినా, నెహ్రూ పార్కు చుట్టూ తిరిగినా, గాంధీ చౌక్ దాకా పోయినా కొన్ని మాటలే పదే పదే కనిపిస్తాయి. హైదరాబాదీ దమ్ బిర్యానీ. అరేబియన్ మండీ. మొగలాయీ. ఒకటి రాజధానిది, ఒకటి సముద్రం అవతలిది, ఒకటి ఢిల్లీ దర్బారుది. ఇందూరు వంట అని చెప్పుకునే బోర్డు మాత్రం మా కంట పడలేదు. మేం ఈ ఊళ్లో పుట్టినవాళ్లం. మంజీర నీళ్లు తాగి, జొన్న రొట్టె తిని పెరిగినవాళ్లం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ పట్నంలో ప్రతి పదిమందిలో దాదాపు నలుగురం మేమే. అయినా మా తిండి బోర్డెక్కాలంటే నవాబు షేర్వానీ అయినా తొడుక్కోవాలి, అరబ్బు జుబ్బా అయినా వేసుకోవాలి. ఇంట్లో కట్టుకునే లుంగీతో వస్తే దాన్ని గడప దాటనివ్వడం లేదు.

హోటళ్ల గురించి రాస్తూ అస్తిత్వం మాటెందుకు అని అడిగే మిత్రులుంటారు. మనిషి ఎక్కడివాడో అతని కంచం చూసి తేల్చే దేశం మనది. ఎవరింట్లో తినొచ్చు, ఎవరి చేతి నీళ్లు తాగకూడదు అన్న లెక్క మీదే కులం నిలబడింది. అలాంటి చోట తిండి మీద రాసే విమర్శ రుచి దగ్గరే ఆగిపోతే అది సగం విమర్శే.

దాల్చా సంగతి తీసుకుందాం. శనగపప్పు, సొరకాయ ముక్కలు, ఎముకలున్న మాంసం, చింతపండు పులుసు. పెళ్లయినా, చెహ్లుం అయినా బగారా ఖానా పక్కన ఉండేది ఇదే. దీన్ని వండినవాడు నవాబు అయ్యుండడు. కిలో మాంసంతో ఇరవై మంది కడుపు నింపాల్సిన ఇంటి వంట అని దాని తీరే చెబుతుంది. పప్పు చిక్కదనాన్నిస్తుంది, సొరకాయ గిన్నె నింపుతుంది, ఎముక రుచినిస్తుంది, చింతపండు అన్నిటినీ కలుపుతుంది. మొగలాయీ వంట పెరుగు, జీడిపప్పు, కుంకుమపువ్వు మీద నడిస్తే మా వంట చింతపండు, నువ్వులు, పల్లీల మీద నడుస్తుంది. బగారా బైంగన్‌లో, మిర్చీ కా సాలన్‌లో, ఖిచిడీతో తినే తిల్ కా ఖట్టాలో ఉన్నవి ఈ నేల పంటలే. గోంగూరను మేం అంబాడా అంటాం, మాంసంలో వేస్తాం. చింతచిగురుతో వండిన మాంసాన్ని చిగుర్ గోష్ అంటాం. ఆ చిగుర్ ఫార్సీ నిఘంటువులోంచి రాలేదు. అది తెలుగు చిగురే. ఉర్దూ మాట్లాడే మా అమ్మీలు ఈ ఊరి చింతచెట్టు మీంచి ఆకుతో పాటు మాటను కూడా కోసుకొచ్చారు.

అటు నుంచి ఇటు వచ్చిన మాటలూ తక్కువేం కాదు. నాష్తా, చాయ్, షేర్వా, కీమా, దావత్. తెలంగాణ తెలుగులోంచి వీటిని ఏరేస్తే పదిమందిని భోజనానికి పిలవడానికే మాట దొరకదు. బగార్ అంటే తాలింపు. దాన్నుంచి వచ్చిందే బగారన్నం. ఇవాళ మా దగ్గర ఏ కులం వాళ్ల దావత్ అయినా బగారన్నం లేకపోతే అది దావత్ కిందికి రాదు. సద్దుల బతుకమ్మ నాడు రొట్టెలు నలిపి బెల్లం కలిపి కట్టే మలీద ముద్దల పేరు ఫార్సీది. పీర్ల పండుగకు పెట్టేది, దర్గాలో ఫాతెహాకు పెట్టేది కూడా ఆ మలీదనే. బతుకమ్మ ముందూ పీరు ముందూ ఒకే ముద్ద. దాన్ని ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారని పంచాయతీ పెట్టాల్సిన పని మాకు లేదు. రెండు చేతులూ కలిపి కట్టిన ముద్ద అని ఒప్పుకుంటే చాలు.

2014లో తెలంగాణ వచ్చాక మన తిండికి గౌరవం వచ్చింది. మాకూ సంతోషమే. వేడుకల్లో, కాలేజీల ఫుడ్ ఫెస్టివళ్లలో సర్వపిండి, సకినాలు, పచ్చిపులుసు, జొన్నరొట్టె, నాటుకోడి కూర తెలంగాణ వంటలుగా వరుస కట్టాయి. బిర్యానీ, హలీం వేరే వరుసలో హైదరాబాద్ రుచులయ్యాయి. బగారన్నాన్ని మాత్రం తెలంగాణ వరుసలో కలుపుకున్నారు, మా పేరెత్తకుండా. ఇక్కడే మా అభ్యంతరం. ఇంటింటా కలిసిపోయిన వంట మీద మా గుర్తు చెరిగిపోతోంది. కలవని వంట మీద పరాయి ముద్ర పడుతోంది. రెండు దారుల్లోనూ ఇందూరు ముస్లిం కనిపించడు.

పత్రికల్లో పనిచేస్తూ రెండు భాషల్లో రాసే మాకు ఈ కనిపించకపోవడం ఎట్లా తయారవుతుందో తెలుసు. తెలుగు పత్రికకు ముస్లిం తిండి రంజాన్‌లో గుర్తొస్తుంది. నెలవంక కనపడగానే హలీం బట్టీల ఫొటో, నోరూరించే శీర్షిక. పండుగ చాంద్ కనపడగానే ఆ పేజీ ముగుస్తుంది. మిగతా పదకొండు నెలలూ మేం ఏం తిని బతుకుతామో దానికి పట్టదు. ఉర్దూ పత్రికది ఇంకో తీరు. అక్కడ ప్రతి దేగ్ వెనకా ఒక నవాబు, ప్రతి నవాబు వెనకా ఒక ఖాన్సామా. మాలపల్లిలో ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ, మధ్యలో లేచి పొయ్యి మీది ఖట్టీ దాల్ చూసుకునే ఆడమనిషికి ఆ వంశవృక్షంలో చోటు లేదు. ఇంతకీ మాలో నవాబులెంతమంది? దూది ఏకినవాళ్లం, మాంసం కొట్టినవాళ్లం, రిక్షా తొక్కినవాళ్లం, చక్కెర బస్తాలు మోసినవాళ్లం. నవాబు వంటింటి కథను మా కథగా చెప్పుకుంటే మా తాతల్ని మేమే చెరిపేసుకున్నట్టు.

2010లో హైదరాబాదీ హలీంకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అరబ్బుల హరీస్ దక్కన్ మసాలా కలిసి ఈ నేల వంట అయిందని ప్రభుత్వమే ముద్ర వేసింది. గిన్నెలోది స్థానికం అని రాసిచ్చిన దేశమే గరిటె పట్టినవాణ్ని నువ్వెక్కడివాడివని అడుగుతూ ఉంది.

ఇక బోధన్. నిజామాబాద్ నుంచి పాతిక కిలోమీటర్లు. అక్కడి తిండి కథ చెరుకుతో మొదలవుతుంది. మంజీర మీద నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931లో ముగిసింది. కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. కాలువ కింద చెరుకు వచ్చింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని దానికి పేరు. కాలువ నీళ్ల కోసం కోస్తా జిల్లాల రైతులు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. పక్కనే మరాఠ్వాడా. జొన్నరొట్టె, ఆంధ్రా భోజనం, మరాఠీల ఠేచా, మా ఖట్టీ దాల్ ఒకదాని పక్కకొకటి చేరాయి. షిఫ్టు దిగిన కార్మికులకు చాయ్ హోటల్ బెంచీ మీద పక్కన కూర్చున్నది ఎవరన్న పట్టింపు ఉండేది కాదు. సైరన్ అందరికీ ఒకేసారి ఆకలి పుట్టించేది.

2002లో ఆ ఫ్యాక్టరీని ప్రైవేటు భాగస్వామ్యం కిందికి తెచ్చారు. 51 శాతం వాళ్లది, 49 శాతం ప్రభుత్వానిది. 2015 డిసెంబరులో గేటు మూశారు. తెరిపిస్తామన్న హామీలు ఎన్నికల సభల్లో వింటూనే ఉన్నాం. బోధన్ చాయ్‌లో ఇప్పుడు బోధన్ చక్కెర లేదు. హోటళ్ల మీద రాసేవాళ్లు కుర్చీల గురించీ, ఏసీ గురించీ, సర్వీసు గురించీ రాస్తారు. బోధన్ హోటల్ గురించి రాయాలంటే ఆ మూసిన గేటు ముందు నిలబడి రాయాలి. నెల జీతం ఉన్నప్పుడే చాయ్ పక్కన బిస్కెట్ ఉంటుంది. ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. ఫ్యాక్టరీ పేరులో నిజాం ఉన్నాడని మేం దానికోసం ఏడవడం లేదు. అందులో మా చెమట ఉంది, మాదిగల చెమట ఉంది, చెరుకు రైతు చెమట ఉంది. మాకు కావలసింది నిజాం కాదు, కూలి.

గల్ఫ్ బాట 1970ల నుంచే ఉంది. ఫ్యాక్టరీ మూతపడ్డాక కుర్రవాళ్లకు మిగిలిన కొద్ది దారుల్లో అదొకటి. మండీ బోర్డులు చదివేటప్పుడు ఈ బాట గుర్తుండాలి. యెమెన్ వంట అది. మా ఊరికి అది రాజుల వెంట రాలేదు, వలస కూలీల నాలుకల మీద వచ్చింది. అందులో పులుపు లేదు, కారం తక్కువ, మా నోటికి చప్పగానే ఉంటుంది. అయినా దానికి ఒక సలాం చేయాలి. పెద్ద పళ్లెంలో అన్నం పోసి, మీద మాంసం పెట్టి, చుట్టూ నలుగురైదుగుర్ని కూర్చోబెడుతుంది. ఎంగిలి అన్న మాట మీద వేల ఏళ్లు బతికిన సమాజంలో వేర్వేరు కులాల కాలేజీ పిల్లలు ఒకే పళ్లెంలో చేతులు పెడుతున్నారు. ఏ సహపంక్తి భోజనాల ఉద్యమమూ ఇంత నవ్వుతూ ఈ పని చేయలేదు. అయితే బిల్లు కట్టి బయటికొచ్చాక ఆ పిల్లల్లో ముస్లిం కుర్రాడు గది అద్దెకు వెతుక్కోవాలి. పేరు చెప్పగానే ఖాళీ లేదంటారు. పళ్లెంలో చోటుంది, వీధిలో లేదు. లౌకికవాద మిత్రులు మా బిర్యానీని పొగిడినప్పుడల్లా మేం ఈ రెండో సంగతి అడగాలనుకుంటాం.

బోర్డే దొరకని వంట ఇంకొకటుంది. పెద్దకూర. మా ఇళ్లల్లో బడే కా గోష్. దళిత వాడల్లో, ముస్లిం బస్తీల్లో చవగ్గా దొరికే బలం. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు పెద్దకూర పండుగ చేస్తే దాడులూ గొడవలూ జరిగాయి. నిజామాబాద్ పెద్ద రోడ్లు మటన్ బిర్యానీతో మెరుస్తుంటే పెద్దకూర గల్లీలోనే ఉండిపోయింది. దీనికి మెజారిటీని ఒక్కదాన్నే తప్పు పట్టలేం. షరీఫ్ అనిపించుకోవాలనుకునే మా ఇళ్లు కూడా అతిథి వస్తే ఆ గిన్నె మీద మూత పెడతాయి. దళితుడూ ముస్లిమూ మొహమాటం లేకుండా ఒకే బెంచీ మీద తినే చోటును మేమే సిగ్గుతో దాచుకుంటున్నాం.

కలిసి తినడం ఎట్లుంటుందో చూడాలంటే బడాపహాడ్ పోవాలి. వర్ని దగ్గర కొండ మీద సయ్యద్ సాదుల్లా హుస్సేనీ దర్గా. మొక్కు తీర్చుకునేవాళ్లలో హిందువులూ ఉంటారు. మేకను తెస్తారు. ముల్లా జిబహ్ చేస్తాడు. అక్కడే మూడు రాళ్లు పెట్టి వండుతారు. ఫాతెహా ఇప్పించి చుట్టాలను కూర్చోబెట్టి పెడతారు. దీన్నే కందూరు అంటాం. మా దృష్టిలో జిల్లాలో అన్నిటికంటే పెద్ద ఫుడ్ ఫెస్టివల్ ఇదే. టికెట్ లేదు, బ్యానర్ లేదు, జడ్జీలు లేరు. 2022లో ఉగాది ముందు కర్ణాటకలో హలాల్ మాంసం కొనొద్దని ప్రచారం చేశారు. ముల్లా చేతి మాంసాన్నే మొక్కుగా పెట్టే మా పల్లెల ముందు ఆ ప్రచారం ఏ ముఖంతో నిలబడుతుంది?

బోర్డు మీద ఇంత పట్టుదల ఎందుకంటే దానికీ ఒక కారణం ఉంది. 2024 జూలైలో ఉత్తరప్రదేశ్‌లో కావడ్ యాత్ర దారిలోని తిండి దుకాణాల ముందు యజమానుల పేర్లు రాయాలన్నారు. ఆ నెల 22న సుప్రీంకోర్టు దాన్ని నిలిపివేసింది. ఏ తిండి అమ్ముతున్నారో చెబితే చాలు, పేర్లు చెప్పమని బలవంతం చేయొద్దంది. ఒకచోట మా వంటను తప్పించుకోవడానికి మా పేరు బోర్డెక్కిస్తారు. మరోచోట మా వంటను తినడానికి మా పేరు దించేస్తారు. పేరు రాయడమూ, రాయకపోవడమూ రెండూ మా చేతిలో లేకపోవడమే అసలు సమస్య. ఊరి పేరు సంగతీ అంతే. నిజామాబాద్‌ను ఇందూరు చేయాలని డిమాండు చేస్తున్నారు. ఇందూరు మాకు పరాయిదైతే కదా భయపడటానికి? రెండు పేర్లూ మావే. ఒక పేరు కొట్టేసి ఇంకో పేరు రాయడం మీదే మా పేచీ.

చివరగా మా హోటళ్లతో, మాతో ఒక మాట. బోర్డుల మీద బావర్చి మగవాడే, గల్లా మీద మగవాడే. ఆడవాళ్లకు పరదా వెనక ఫ్యామిలీ సెక్షన్. దాల్చా, ఖట్టీ దాల్, చిగుర్ గోష్, అంబాడా ఇన్నాళ్లు బతికింది ఎవరి చేతుల్లో? బీడీల ఆకు కత్తిరించిన ఆ చేతుల్లోనే. వాళ్ల వంటను రాసుకోకుండా, వాళ్ల పేరు చెప్పకుండా మా అస్తిత్వం గురించి మేం ఎన్ని వ్యాసాలు రాసినా అవి మగవాళ్ల దావత్ ముచ్చట్లే.

అడిగేది పెద్దదేం కాదు. ఇందూరు, బోధన్ హోటళ్లు వారానికి ఒక్కరోజైనా బగారా-దాల్చా వండి, తెలుగులోనూ ఉర్దూలోనూ దాని పేరు బోర్డు మీద రాయాలి. వండిన ఆడవాళ్లకు కూలి మగ బావర్చితో సమానంగా ఇవ్వాలి. తెలంగాణ వంటల వరుసలో మలీద పెట్టినప్పుడు బతుకమ్మతో పాటు పీర్ల పేరు కూడా చెప్పాలి. తెలుగు పత్రిక రంజాన్ కాని నెలలో ఒకసారి మాలపల్లికి రావాలి. ఉర్దూ పత్రిక నవాబు గడప దిగి శక్కర్‌నగర్ గేటు దాకా పోవాలి. ఇవన్నీ జరిగాక రుచి గురించి మాట్లాడుకుందాం. పులుపు ఎక్కువైందనో, ఉప్పు తక్కువైందనో మీరు మమ్మల్ని తిట్టినా అప్పుడు మాకు కోపం రాదు.